ఒప్పించే మాటకు పూచీ

కిష్కింధాకాండలో ఋశ్యమూకం నుంచి దిగివచ్చిన హనుమంతుడు రామలక్ష్మణులను పలకరించిన ఘట్టాన్ని మాటనేర్పుకు గొప్ప ఉదాహరణగా పెద్దలు పేర్కొంటారు. ఆ మాటలు విని రాముడు లక్ష్మణునితో, వేదాధ్యయనం చేయనివానికి, వ్యాకరణాన్ని సమగ్రంగా విననివానికి ఈ విధంగా మాట్లాడడం సాధ్యం కాదన్నాడు. ఇంత మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదనీ, ముఖంలో గాని కన్నులలో గాని కనుబొమలలో గాని దోషం కనబడలేదనీ మెచ్చుకున్నాడు. తరతరాలుగా ఉపాధ్యాయులు ఈ మెప్పును శిష్యులకు వినిపిస్తూ వచ్చారు. అయితే వినిపించేవారు ఒక సంగతిని తరచుగా విడిచిపెడతారు. హనుమంతుడు ఆ సమయంలో భిక్షువు వేషంలో ఉన్నాడు. వేషధారి నోట వచ్చిన చక్కని మాటను నమ్మవచ్చునా? మాటనేర్పు సత్యానికి పరిచారికయా, లేక వేషానికే మరొక పేరా?

ఈ ప్రశ్న పురాణకాలంతో ముగిసినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏటా అయిదు లక్షలకు పైగా ఉన్నత పాఠశాల విద్యార్థులు, తెలిసో తెలియకో, మే నెలలో ఒక పరీక్షాశాలలో కూర్చుని దీనిని ఎదుర్కొంటున్నారు. కాలేజి బోర్డు అనే సంస్థ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పథకాన్ని 1950ల నడుమ నుంచి నడుపుతున్నది. ఉన్నత పాఠశాలలో ఉండగానే కళాశాల స్థాయి పాఠాలు చెప్పి, పరీక్షలో ఒకటి నుంచి అయిదు వరకు శ్రేణి నిర్ణయించడం దాని పద్ధతి. మంచి శ్రేణి సంపాదించినవారికి అనేక కళాశాలలు తొలి సంవత్సరపు ఇంగ్లీషు రచనాభ్యాసం నుంచి మినహాయింపు ఇస్తాయి. ఆ పథకంలో ఇంగ్లీషు భాష, రచన అనే పరీక్ష 1980లో సాహిత్యం నుంచి వేరుపడింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు అక్కడ ముఖ్యంగా కథలూ కావ్యాలూ కాక ఉపన్యాసాలు, లేఖలు, వ్యాసాలు, వాదాలు చదువుతారు. ఒక రచయిత ఏమి చెప్పాడన్న దానితో పాటు, ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో, ఏ ఉపాయంతో చెప్పాడో విచారిస్తారు. తరువాత తామే అటువంటి రచనలకు పూనుకుంటారు.

ఇంగ్లీషులో రెటరిక్ అని పిలిచే ఈ విద్యకు తెలుగులో ఒక్క మాట కుదరదు. అలంకారశాస్త్రమంటే కావ్యానికి పరిమితమవుతుంది. వక్తృత్వమంటే సభావేదికను దాటదు. శ్రోతను గాని పాఠకుని గాని ఒప్పించే మాటకు సంబంధించిన సమస్త విచారమూ అందులో ఇమిడి ఉన్నది కాబట్టి దానిని ఇక్కడ వాగ్విద్య అనడం ఉచితం. గ్రీకుదేశంలో అరిస్టాటిల్ ఒప్పించే సాధనాలను మూడుగా విభజించాడు: వక్త యొక్క శీలం, శ్రోత యొక్క మనోభావం, మాటలోని యుక్తి. రెండువేల మూడువందల ఏళ్ళ నాటి ఆ విభాగాన్నే నేటి అమెరికా బాలురూ బాలికలూ తమ నోటుపుస్తకాలలో రాసుకుంటున్నారు. వారిలో తెలుగు కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

ఈ విద్యపై మొదటి అభియోగం అరిస్టాటిల్ గురువైన ప్లేటోదే. గోర్గియాస్ అనే సంభాషణలో సోక్రటీసు వాగ్విద్యను వంటపనితో పోలుస్తాడు. వైద్యుడు చేదుమందు ఇస్తాడు, వంటవాడు తీపి వండుతాడు. పిల్లలను న్యాయమూర్తులుగా కూర్చోబెట్టి వీరిద్దరిలో ఎవరు మేలు చేస్తారని అడిగితే వంటవాడే గెలుస్తాడు. అదే విధంగా తెలియనివారి సభలో తెలిసినవానికంటే మాటకారి గెలుస్తాడనీ, నాలుకకు ఇంపైన దానిని ఒంటికి హితమైనదిగా చూపడమే ఆ విద్య సారమనీ ప్లేటో వాదం. ఎన్నికల ప్రచారాన్నీ, వ్యాపార ప్రకటననూ ఎరిగిన ఈ కాలంలో ఆ అభియోగాన్ని తేలికగా తోసిపుచ్చగలవారు లేరు.

కాని ఆ ఉపమానంలోనే దానికి సమాధానం దాగి ఉన్నది. న్యాయపీఠం మీద కూర్చున్న ఆ పిల్లలకే వంటవాని కిటుకులు తెలిస్తే ఏమవుతుంది? చేదును కప్పడానికి ఎంత బెల్లం కలిపాడో, రంగు ఎక్కడినుంచి తెచ్చాడో గుర్తించగల బాలుడు ఇక వంటవాని చేతిలో మోసపోడు. రుచిని ఆస్వాదిస్తూనే అది మందు కాదని చెప్పగలుగుతాడు. అరిస్టాటిల్ తన గురువుకు ఇంచుమించుగా ఇదే జవాబు చెప్పాడు. ఒకే విషయంలో రెండు పక్షాలనూ వాదించగల శక్తి అవసరమేననీ, అధర్మపక్షాన్ని గెలిపించడానికి గాక, మరొకడు అన్యాయంగా వాదించినప్పుడు దానిని ఖండించడానికి అది కావాలనీ అతని అభిప్రాయం. శరీరంతో ఆత్మరక్షణ చేసుకోలేకపోవడం సిగ్గుచేటైతే, మాటతో చేసుకోలేకపోవడం అంతకంటె సిగ్గుచేటు కావాలని కూడా అతడన్నాడు. ఈ దృష్టితో చూస్తే వాగ్విద్యను కొద్దిమందికి నేర్పడం ప్రమాదం, అందరికీ నేర్పడం రక్షణ. ఊరిలో ఒక్కనికే తూకం తెలిసినప్పుడు కదా దొంగతూకానికి అవకాశం!

తరగతిగదిలో ఈ తూకం ఎలా నేర్పుతారో ఒక ఉదాహరణ చూడవచ్చు. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ చెరసాల నుంచి రాసిన లేఖను ఈ తరగతులలో తరచుగా చదువుతారు. నీగ్రోల ఉద్యమం తొందరపాటుతో కూడినదనీ, ఓపిక పట్టడం మేలనీ ఎనిమిదిమంది శ్వేతజాతి మతాచార్యులు ఒక ప్రకటన చేశారు. వార్తాపత్రిక అంచులమీద సైతం రాసుకుంటూ కింగ్ వారికి ప్రత్యుత్తరం కూర్చాడు. ఎదుటివారి సద్భావాన్ని అంగీకరిస్తూ ఆరంభించడం, వారు గౌరవించే ప్రవక్తల పేర్లనూ తత్త్వవేత్తల పేర్లనూ సాక్ష్యంగా తేవడం విద్యార్థులు మొదట గుర్తిస్తారు. తరువాత ఉపాధ్యాయుడు వారిని ఒక వాక్యం దగ్గర ఆపుతాడు. మూడువందల మాటలకు మించిన వాక్యం అది. మూకల చేతిలో హత్యలు, పోలీసుల క్రౌర్యం, దారిద్ర్యం, ప్రయాణంలో బస దొరకక కారులో గడిపిన రాత్రులు, నల్లపిల్లలకు ప్రవేశం లేని వినోదవనానికి తనను ఎందుకు తీసుకుపోరని అడిగే ఆరేళ్ళ కూతురు—ఒక బాధ వెనుక మరొక బాధ వరుసగా వస్తూనే ఉంటాయి. వాక్యం మాత్రం ముగియదు. పాఠకుడు ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తాడు. ఓపిక పట్టండి అని చెప్పినవారి చేతనే ఆ వాక్యం నిరీక్షణను అనుభవింపజేస్తున్నది. చివరకు వాక్యం ముగిసేటప్పటికి, నిరీక్షణ ఎందుకు కష్టమో చెప్పవలసిన పని మిగలదు.

ఇది ఉపాయమే. బుద్ధిపూర్వకంగా పన్నిన నిర్మాణమే. అయితే ఆ నిర్మాణాన్ని విప్పి, కీలు కీలుగా పరిశీలించిన తరువాత విద్యార్థికి ఆ మాటపై విశ్వాసం తగ్గుతుందా? తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఏలనగా వాక్యంలోని ప్రతి బాధా యథార్థం, వాక్యపు నిడివి ఆ యథార్థానికి తగిన కొలత. ఇదే విద్యార్థి మరునాడు ఒక సౌందర్యసాధనపు ప్రకటననో, ద్వేషం రెచ్చగొట్టే ఉపన్యాసాన్నో తీసుకొని అదే విధంగా విప్పి చూస్తే అక్కడ కలిగే అనుభవం వేరు. ఉల్లిపాయను వలిచినట్లు పొర తరువాత పొర ఊడివచ్చి, కడకు చేతిలో ఏమీ మిగలదు. ఒప్పించే మాటకు ఇంతకంటె సూక్ష్మమైన ఒరిపిడిరాయి దొరకడం అరుదు. తన పనితనం బయటపడిన తరువాత కూడా నిలిచే మాట నిజాయితీ గలది. పనితనం మరుగున ఉన్నంతసేపు మాత్రమే పనిచేసే మాట వంచన. వాగ్విద్య నేర్పడంలోని నైతిక ప్రయోజనమంతా ఈ భేదాన్ని గుర్తించే చూపును అలవరచడంలోనే ఉన్నది.

ఇంతవరకు చదవడాన్ని గురించి. రాయడం దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఆ పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి. ఒక విషయంపై ఇచ్చిన ఆధారపత్రాలలో కనీసం మూడింటిని సమన్వయించే వ్యాసం మొదటిది, ఒక రచనలోని వాగుపాయాలను విశ్లేషించే వ్యాసం రెండవది, ఇచ్చిన ప్రశ్నపై తన పక్షాన్ని స్థాపించే వ్యాసం మూడవది. మూడింటికీ కలిపి, చదువుకొనే పావుగంటతో సహా, రెండు గంటల పదిహేను నిమిషాలు. అంటే ఒక్కొక్క దానికి సుమారు నలభై నిమిషాలు. మూడవ వ్యాసానికి వచ్చే ప్రశ్న సామాన్యమైనది కాదు. సమాజంలో అసమ్మతి విలువ, స్వేచ్ఛకూ బాధ్యతకూ గల సంబంధం వంటి విషయాలపై, ఒక మనిషి జీవితకాలం ఆలోచించినా తేలని వాటిపై, పదిహేడేళ్ళ విద్యార్థి అర్ధగంటలో నిశ్చయానికి వచ్చి, ఆ నిశ్చయం తనకు ఎప్పటినుంచో ఉన్నట్లు రాయాలి.

ఈ ఇరుకులో చిక్కిన విద్యార్థి ఏమి చేస్తాడు? తనకు నిజమని తోచిన పక్షాన్ని విడిచి, ఉదాహరణలు త్వరగా దొరికే పక్షాన్ని ఎన్నుకుంటాడు. ఇది అబద్ధం చెప్పడం కాదు. కాని అబద్ధానికి ఇరుగుపొరుగు. నమ్మకం ముందు పుట్టి మాట తరువాత రావలసినచోట, మాటల లభ్యతను బట్టి నమ్మకం నిర్ణయమవుతున్నది. పదేపదే ఇలా చేసిన మనస్సు కొంతకాలానికి తన నమ్మకమేదో, తన సౌకర్యమేదో విడదీయలేని స్థితికి రావచ్చు. ప్లేటో భయపడిన దానికంటె ఇది సూక్ష్మమైన హాని. అతడు శ్రోత మోసపోతాడని భయపడ్డాడు. ఇక్కడ వక్తే తన మాటకు తాను మోసపోతున్నాడు.

మార్కుల పద్ధతి ఈ హానికి కొంత తోడ్పడుతుంది. 2019-20 విద్యాసంవత్సరం నుంచి ప్రతి వ్యాసానికీ ఆరు మార్కులు: ప్రతిపాదనకు ఒకటి, ఆధారాలకూ వ్యాఖ్యకూ నాలుగు, ఆలోచనా పరిణతికి ఒకటి. పరిశీలకులందరూ ఒకే కొలత వాడడానికి ఇటువంటి విభజన అవసరమే. లక్షలాది వ్యాసాలను దిద్దేచోట వేరొక మార్గం కనిపించదు. కాని పరిణతికి ఒక మార్కు ఉన్నదని తెలియగానే పరిణతిని అభినయించే వాక్యాలు పుట్టుకొస్తాయి. ఆవును గురించిన వ్యాసం ఒక్కటే కంఠస్థం చేసిన బాలుడు, పరీక్షలో కొబ్బరిచెట్టును గురించి రాయమంటే, ఆ చెట్టుకు ఆవును కట్టివేసి తన పాఠమంతా అప్పగించాడన్న హాస్యకథ తెలుగువారికి సుపరిచితం. సముద్రం ఆవలి తరగతిలో ఆవు పేరు మారుతుంది, అంతే. ముందుగా సిద్ధం చేసుకున్న నాలుగు చారిత్రక ఉదాహరణలను ఏ ప్రశ్న వచ్చినా దానికే కట్టివేసే విద్యార్థి అక్కడా లేకపోలేదు.

ఈ సందర్భంలో మూడు భాషల మూడు మాటలు గుర్తుకు తెచ్చుకోదగినవి. హిందీవారు ఈ ప్రక్రియను నిబంధం అంటారు, అంటే కట్టుదిట్టంగా కూర్చినది. తెలుగువారు వ్యాసం అంటారు, అంటే విస్తరించి చెప్పినది. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో తన రచనలకు పెట్టిన పేరుకు ప్రయత్నం, పరీక్షించి చూడడం అని అర్థం. ఇంగ్లీషు మాట దానినుంచే వచ్చింది. కట్టడం, విస్తరించడం, ప్రయత్నించడం ఈ మూడూ కలిసినప్పుడే సంపూర్ణమైన రచన. పరీక్షావ్యాసం మొదటి రెండింటినీ చక్కగా నేర్పుతుంది. తెలియని దానిలోకి అడుగువేసి, అవసరమైతే వెనుకకు మరలి, తాను పొరబడ్డానని ఒప్పుకునే మూడవ పనికి మాత్రం నలభై నిమిషాలలో చోటు లేదు.

అయితే నమ్మని పక్షాన్ని అభ్యాసం కోసం వాదించడం సర్వదా దోషమేనా? న్యాయదర్శనం ఈ విషయంలో చక్కని వివేకం చూపింది. గౌతముడు వాదకథను మూడు తెరగులుగా విభజించాడు. సత్యనిర్ణయం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటిపక్షాన్ని పడగొట్టేది వితండ. చివరి రెండింటినీ అతడు పూర్తిగా నిషేధించలేదు. విత్తనపు మొలకలను ముళ్ళకొమ్మలతో కప్పి కాపాడినట్లు, తత్త్వనిశ్చయాన్ని కాపాడడానికి వాటిని వాడవచ్చునన్నాడు. ముళ్ళకంచెకు విలువ మొలక వల్ల వచ్చింది. మొలకే లేని నేలకు కంచె కట్టడం వ్యర్థం, కంచే చేను మేయడం అనర్థం. పూర్వపు శాస్త్రకారులు సిద్ధాంతానికి ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తిబలంతో చెప్పడం కూడా ఇందుకే. ఎదుటివాని వాదాన్ని అతనికంటె బాగా చెప్పగలిగినవాడే దానిని కాదనడానికి అర్హుడని వారి భావం. ఈ విధంగా రెండవ పక్షాన్ని వాదించి చూడడం కపటం కాదు, వినయం.

మొలక ఉన్నచోట ఈ కంచె ఎంత మేలు చేస్తుందో ఒక బానిసబాలుని జీవితం చాటుతున్నది. ఫ్రెడరిక్ డగ్లస్ బాల్టిమోర్ నగరంలో సుమారు పన్నెండేళ్ళ వయస్సులో, తాను కూడబెట్టుకున్న చిల్లరతో కొలంబియన్ ఆరేటర్ అనే పుస్తకం కొన్నాడు. అది 1797లో వెలువడిన బడిపుస్తకం, ఉపన్యాసాలూ సంభాషణలూ అభ్యాసం కోసం కూర్చినది. అందులో ఒక యజమానికీ, పారిపోయి పట్టుబడిన బానిసకూ మధ్య సంవాదం ఉన్నది. యజమాని చెప్పిన ప్రతి యుక్తికీ బానిస ప్రత్యుత్తరం ఇస్తాడు. చివరకు యజమాని అతనికి స్వేచ్ఛ ప్రసాదిస్తాడు. తన హృదయంలో మెదిలి, మాటలు దొరకక ఆరిపోతూ వచ్చిన భావాలకు ఆ పుస్తకం నాలుక నిచ్చిందని డగ్లస్ 1845లో ప్రచురించిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. బడిపిల్లల వాగభ్యాసం కోసం కూర్చిన పుటలు బానిసత్వాన్ని ఎదిరించిన మహావక్తలలో ఒకనికి ఆయుధశాల అయినాయి. మాటనేర్పు శ్రీమంతుల విలాసమని తలచేవారు ఈ బాలుని తలచుకోవలసి ఉన్నది.

శ్రోతకు తగినట్లు మాట్లాడడం నిజాయితీకి విరుద్ధమా అనే ప్రశ్న ఇంకొకటి మిగిలి ఉన్నది. దానికి భారతదేశంలోనే సమాధానం దొరుకుతుంది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ రెండు పుస్తకాలు ప్రకటించాడు. బాలవితంతువుల దుఃఖం చూసి కరిగిన హృదయం ఆయనది. కాని ఆయన వాదానికి ఆధారం పరాశరస్మృతి. కరుణతో పుట్టిన నిశ్చయాన్ని శాస్త్రంతో సమర్థించడం వేషం కాదా అని సందేహం కలుగవచ్చు. ఆ సందేహాన్ని ఆయనే ముందుగా తీర్చాడు. కేవలం యుక్తిని ఆశ్రయిస్తే ఈ దేశప్రజలు ఇది కర్తవ్యమని అంగీకరించరనీ, శాస్త్రం చెప్పినదానినే వారు కర్తవ్యంగా భావిస్తారనీ, కాబట్టి శాస్త్రసమ్మతమా కాదా అన్నదే ముందు విచారిస్తున్నాననీ దాపరికం లేకుండా రాశాడు. తన ఉపాయాన్ని శ్రోతల ముందే పరచి, ఆ తరువాత దానిని ప్రయోగించాడు. ఆయన చూపిన వచనాన్ని పండితులెవరైనా తెరచి పరీక్షించవచ్చు. ఎందరో పరీక్షించారు, ప్రతివాదం చేశారు. 1856లో శాసనం వచ్చింది. ఆంధ్రదేశంలో వీరేశలింగం పంతులు ఈ దారినే నడిచి 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. శ్రోతకు అర్థమయ్యే ప్రమాణాన్ని ఎన్నుకోవడం శ్రోతను గౌరవించడమే. ఎన్నుకున్న కారణాన్ని దాచినప్పుడే అది వంచన.

వీరిద్దరూ తమ మాటకు పూచీ పడ్డారు. తిట్లు తిన్నారు, వెలి ఎదుర్కొన్నారు, ధనం వెచ్చించారు. అరిస్టాటిల్ మూడు సాధనాలలో వక్త శీలానికి ఇంచుమించు అగ్రస్థానం ఇవ్వడంలోని అర్థం ఇక్కడ తెలుస్తుంది. యుక్తిని అరువు తెచ్చుకోవచ్చు, భావోద్వేగాన్ని అభ్యాసంతో కల్పించవచ్చు, పూచీని మాత్రం మనిషి తానే పడాలి. 2022 చివరి నుంచి, అడిగిన క్షణంలో చక్కని వ్యాసం రాసిపెట్టే యంత్రాలు విద్యార్థుల చేతికి వచ్చాయి. ప్రతిపాదన, ఆధారం, వ్యాఖ్య, పూర్వపక్షానికి సమాధానం, అన్నీ వాటికి చేతనవును. ఆ మాట తప్పని తేలితే సిగ్గుపడడం, నిజమైతే దానికోసం నష్టపడడం వాటికి లేదు. వ్యాసనిర్మాణమే విద్య యొక్క లక్ష్యమైతే ఆ విద్య ఇక అనవసరం. మాటకూ మనిషికీ గల బంధాన్ని తెలియజేయడం లక్ష్యమైతే అది ఎన్నడూ లేనంత అవసరం.

కాబట్టి పిల్లలకు ఒప్పించే విద్య నేర్పవచ్చునా అన్న ప్రశ్నకు నేర్పి తీరవలసిందే అన్నది సమాధానం. కాని దానితోపాటు మరొకటి నేర్పాలి. వ్యాసం ముగిసిన తరువాత విద్యార్థి తనను తాను రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాటను ప్రతిపక్షి ఎదుట కూర్చుని ఉండగా చెప్పగలనా? దీనిని ఎలా కట్టానో విప్పి చూపినా ఇది నిలుస్తుందా? ఈ రెండింటికీ మార్కులు లేవు. ఏ పరిశీలకుడూ వీటిని దిద్దలేడు. ఇంకా నిశ్చయానికి రాలేదని చెప్పే ధైర్యానికి కూడా పరీక్షాపత్రంలో స్థానం లేదు. ఆ స్థానాన్ని తరగతిలో ఉపాధ్యాయుడే కల్పించాలి.

ఋశ్యమూకం నుంచి వచ్చిన ఆ భిక్షువు సంగతికి తిరిగివస్తే, రాముని మెప్పుకు ముందు జరిగినది మరవరాదు. హనుమంతుడు తాను ఫలానా సుగ్రీవుని మంత్రిననీ, వానరుడననీ, ఆయన మేలు కోరి భిక్షురూపంలో వచ్చాననీ ఆ మొదటి సంభాషణలోనే స్వయంగా బయటపెట్టాడు. వేషాన్ని ఎవరో లాగివేయలేదు, మాటే దానిని తీసివేసింది. రాముడు వ్యాకరణాన్నీ ఉచ్చారణనూ మెచ్చుకున్నది ఆ తరువాతనే.